తెర వేసిన ఆ నాలుగు నిమిషాలు

ఒక ఉగాదికి మా కాలనీలో హాస్య సంధ్య పెట్టాం. మొత్తం పదకొండు ఐటమ్‌లు. మూడోది పెళ్ళిచూపుల స్కిట్. ఎవరూ అనుకోనంతగా పేలింది. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, కుర్రాళ్ళు ఈలలు వేశారు. నాలుగోది ఆస్పత్రి స్కిట్. దానికి మంచం కావాలి, సెలైన్ స్టాండు కావాలి, పెళ్ళికొడుకు వేషం వేసిన అతనే డాక్టరుగా మారాలి. తెర వేశాం. మంచం గుమ్మంలో ఇరుక్కుంది. డాక్టరు కోటు ఎవరి సంచిలో ఉందో ఎవరికీ గుర్తులేదు. యాంకరమ్మాయి తెర ముందుకు వెళ్ళి "ఒక్క నిమిషంలో మీ ముందుకు వచ్చేస్తున్నారు" అని మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ఆమె గొంతులో ఏడుపే తక్కువ.

నాలుగు నిమిషాలు పట్టింది. తెర తీసేసరికి వెనక మూడు వరసలు పులిహోర దగ్గరున్నాయి. రిహార్సల్స్‌లో మమ్మల్ని పడీ పడీ నవ్వించిన స్కిట్ ఆ రోజు తుస్సుమంది. రాసింది నేనే కాబట్టి తప్పు నాదే అన్నారు. నేనూ అలాగే అనుకుని ఆ రాత్రి స్క్రిప్టు తీసి ఎక్కడ పంచ్ తగ్గిందో వెతుక్కున్నాను.

స్క్రిప్టులో ఏమీ తగ్గలేదని తెలియడానికి చాలా నెలలు పట్టింది. స్కిట్లు, మిమిక్రీ, పేరడీ పాటలు, డాన్సు, మ్యాజిక్కు కలిపి రెండు గంటలు నడిపే కార్యక్రమంలో జోకులు రాయడం కష్టమే గానీ, అంతకన్నా కష్టమైనది ఇంకొకటుంది. ఒక ఐటమ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపల వచ్చే ఖాళీ. సినిమాలో ఆ ఖాళీని ఎడిటర్ కత్తిరిస్తాడు. స్టేజి మీద కత్తెర లేదు. మంచం లోపలికి రావాలి, కుర్చీలు బయటికి పోవాలి, ఈలోగా జనం కూర్చుని చూస్తూ ఉండాలి. ఈ చిన్న చిక్కును విప్పుకోవడానికే దేశదేశాల రంగస్థలాలు రకరకాల ఏర్పాట్లు చేసుకున్నాయి. ఆ ఏర్పాట్లలోంచే కొత్త కళలు కూడా పుట్టాయి.

పెనం చల్లారితే

మొదటి దోశ సరిగ్గా రాదని ఏ ఇంట్లోనైనా చెబుతారు. పిండి బాగానే ఉంటుంది, పెనం కాలదు. జనం కూడా అంతే. మొదటి పది నిమిషాలు పక్కవాడు నవ్వుతున్నాడా లేదా అని చూసుకుంటారు. పక్కవాడు నవ్వితే ధైర్యం వస్తుంది. అక్కడి నుంచి ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంటుంది. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త తన విద్యార్థుల చేత ఎప్పుడెప్పుడు నవ్వారో డైరీలు రాయించాడు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతున్నట్టు తేలింది. అంటే నవ్వించే పనిలో సగం స్టేజి మీది మనిషి చేస్తే, మిగతా సగం పక్క కుర్చీలో మనిషి చేస్తున్నాడు.

ఇప్పుడు తెర వేసి లైట్లు వేయండి. పక్క కుర్చీలో మనిషి ఫోన్ తీస్తాడు. వెనకామె పిల్లాణ్ణి బాత్రూముకు తీసుకెళ్తుంది. గుంపుగా ఉన్నవాళ్ళు మళ్ళీ ఎవరికి వాళ్ళయిపోతారు. నాలుగు నిమిషాల తర్వాత తెర తీస్తే మీ ముందున్నది ఇందాకటి జనం కాదు. పెనం చల్లారింది, మళ్ళీ మొదటి దోశ పోయాలి. మా ఆస్పత్రి స్కిట్‌కి జరిగింది ఇదే. పెళ్ళిచూపుల స్కిట్ కూడా ఆ గ్యాప్ తర్వాత వేసి ఉంటే తుస్సుమనేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఆరడుగుల చోటు

ఈ ఖాళీని అందరికంటే పద్ధతిగా పట్టించుకున్నవాళ్ళు అమెరికాలో వాడవిల్ నడిపినవాళ్ళు. 1880ల నుంచి 1930ల దాకా, సినిమా మింగేసే వరకు, అక్కడి ఊరూరా నడిచిన కలగూరగంప ప్రదర్శన అది. గారడీ, పాటలు, సైకిల్ ఫీట్లు, కుక్కల ఆటలు, చిన్న నాటికలు, జోకులు చెప్పే జంటలు అన్నీ ఒకే టికెట్టు మీద.

వాళ్ళు స్టేజిని లోతును బట్టి వరసలుగా విభజించుకున్నారు. అన్నిటికంటే ముందు, స్టేజి అంచున ఉండే ఫుట్‌లైట్లకీ మొదటి తెరకీ మధ్య ఆరడుగుల చోటు. దాన్ని 'ఒకటి' అనేవాళ్ళు. దాని వెనక 'రెండు', 'మూడు', ఆ తర్వాత పూర్తి స్టేజి. ఏ కళాకారుడితో ఒప్పందం చేసుకున్నా ముందు అడిగేది, నీ ఐటమ్ 'ఒకటి'లో ఆడుతుందా, పూర్తి స్టేజి కావాలా అని. పూర్తి స్టేజి కావలసిన నాటిక పక్కన పూర్తి స్టేజి కావలసిన ఇంకో నాటిక ఎప్పుడూ వేయరు. మధ్యలో 'ఒకటి'లో ఆడే మనిషిని పెడతారు. అతను తెర ముందు ఆరడుగుల్లో నిలబడి మాట్లాడుతూ ఉంటే వెనక సామాను మారిపోతుంది. జనానికి వెనక ఏం జరుగుతోందో తెలియదు. తెలిసే తీరిక అతను ఇవ్వడు.

మరి ఆ ఆరడుగుల్లో ఏం చేయగలం? పెద్ద డాన్సులకు చోటు చాలదు, బల్లలు కుర్చీలు పట్టవు. మాట, పాట, ముఖం. అంతే. సామాను లేకుండా, తోడు లేకుండా, జనంతో నేరుగా మాట్లాడుతూ నవ్వించే మనిషి అక్కడ తయారయ్యాడు. న్యూయార్క్ పాలెస్ థియేటర్లో 1920ల్లో ఫ్రాంక్ ఫే అనే అతను ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య వచ్చి మాట్లాడుతూ చివరికి ఆ కార్యక్రమానికే ఆకర్షణ అయిపోయాడు. మొదటి స్టాండప్ కమెడియన్ అతనే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంగ్లండులో ఇలాంటివాళ్ళను 'ఫ్రంట్ క్లాత్' కమిక్‌లనేవాళ్ళు. ముందు తెర దగ్గర ఆడేవాడని అర్థం. ఈ రోజు హైదరాబాద్‌లో ఏ కేఫ్‌లోనో ఒక కుర్రాడు ఇటుక గోడ ముందు మైకు పట్టుకుని పెళ్ళి సంబంధాల మీద జోకులు వేస్తున్నాడంటే, అతను నిలబడ్డ చోటు మొదట్లో మంచాలు మార్చుకోవడానికి కేటాయించిన చోటు. అతనికి ఈ సంగతి చెబితే ఏమంటాడో!

వరుస విషయంలో కూడా వాడవిల్ వాళ్ళది పెద్ద లెక్క. 1913లో తెరిచిన ఆ పాలెస్ థియేటర్లో ఐటమ్‌లు కుదిర్చే పని జార్జ్ గాట్లీబ్ అనే అతనిది. తొమ్మిది ఐటమ్‌ల కార్యక్రమాన్ని ఎలా పేరుస్తాడో ఆ రోజుల్లోనే వివరంగా చెప్పాడు. మొదటిది మాట లేని ఐటమ్ ఉండాలి, విన్యాసాలో డాన్సో. ఎందుకంటే జనం ఇంకా వస్తూనే ఉంటారు, కుర్చీలు చప్పుడవుతుంటాయి, మాట పెడితే వృథా. రెండోది జనాన్ని కుదురుగా కూర్చోబెట్టాలి, సాధారణంగా పాడే జంట. మూడోది కాస్త కథ ఉన్న నాటిక. నాలుగు, ఐదు పెరుగుతూ పోయి విరామానికి ముందు గట్టి దెబ్బ. విరామం తర్వాత వచ్చే ఆరోది అందరికంటే కష్టమైన చోటు. జనం సోడా తాగి వచ్చి ఉంటారు, వాళ్ళను మళ్ళీ పట్టుకోవాలి. అందరూ ఎవరి కోసం వచ్చారో ఆ పెద్ద హాస్యగాడు చివర్లో రాడు, చివరికి ముందు వస్తాడు, ఎనిమిదో స్థానంలో. తొమ్మిదోది మళ్ళీ కంటికి ఇంపైన మాటలేని ఐటమ్. లేచి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్తుంటారు, ఎవరికీ నష్టం లేదు.

మన దగ్గర దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. మొదట్లో జనం వస్తున్నప్పుడు మాటల స్కిట్ పెడతాం, పెద్ద ఆర్టిస్టును 'చివర్లో ఉంటారు, ఎవరూ వెళ్ళకండి' అని ఊరించి అట్టే పెడతాం. ఆయన వచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆఖరి బస్సు గురించి ఆలోచిస్తున్నవాణ్ణి ఎంత పెద్ద ఆర్టిస్టయినా ఏం నవ్విస్తాడు?

కేతిగాడు ఎందుకొచ్చాడు

ఇదంతా బయటివాళ్ళ తెలివే అనుకోనక్కర్లేదు. తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటలో రామాయణమో భారతమో గంభీరంగా నడుస్తుండగా ఉన్నట్టుండి కేతిగాడనే హాస్యపు బొమ్మ ఊడిపడుతుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క తగవులాడుకుంటారు. కథతో వాళ్ళకు సంబంధం లేదు. వాళ్ళ భాష మోటు, పోలికలు ఇంకా మోటు. అవతల తెర వెనక రావణుడి బొమ్మను ఎత్తి కట్టుకుంటున్నారు, పాడేవాళ్ళు గొంతు తడుపుకుంటున్నారు, ఇవతల నిద్రకు తూలుతున్న జనం లేచి కూర్చున్నారు. చిన్న బొమ్మ, ఒక్క మనిషి చేత్తో ఆడించేది, పెద్ద బొమ్మల మధ్య ఖాళీలోకి వచ్చింది. ఆరడుగుల 'ఒకటి' ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో కూడా ఉందన్నమాట, పేరు లేదంతే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలు రాములవారి బొమ్మల గురించే ఎక్కువ రాశాయి. బంగారక్క గురించి ఇంకొంచెం రాయాల్సింది.

బుర్రకథ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ఖాళీ అనేదే రానివ్వలేదు. కథకుడు ఊపిరి పీల్చుకునే చోట వంతలు, అంటే పక్కన నిలబడి వంత పాడే ఇద్దరు, అందుకుంటారు. ఒకరు హాస్యం, ఇంకొకరు లోకం పోకడ, రాజకీయం. 'తందాన తాన' అనే ఆ రెండు మాటలు తాళం కోసమే అనిపిస్తాయి గానీ, కథ రసం మారేటప్పుడు తెర వేసి తీసే పని అవే చేస్తాయి. ఏడుపు ఘట్టం అయిన మరుక్షణం హాస్య వంత ఒక చురక వేస్తే జనం ముక్కు చీదుకుంటూనే నవ్వుతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథను విన్నవాళ్ళు ఆయన గొంతు గురించి చెబుతారు, అడుగుల గురించి చెబుతారు. మొత్తం కట్టు ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. మార్చడానికి సామాను లేదు కాబట్టి ఆగాల్సిన పనీ లేదు.

పద్యనాటకాల వాళ్ళ ఉపాయం నాకు ఇంకా ఇష్టం. రాయబారం ఆడేటప్పుడు ఒక్కో ఘట్టానికి ఒక్కో కృష్ణుడు. ముగ్గురు కృష్ణులను పెడితే ముగ్గురి అభిమానులూ టికెట్టు కొంటారన్నది కాంట్రాక్టరు లెక్క. నిజమే. కానీ తెర వెనక నిలబడి చూస్తే ఇంకో లాభం కనిపిస్తుంది. ఒక కృష్ణుడు 'వన్స్ మోర్'లతో అలిసిపోయి చెమటలు కక్కుతుంటే, ఇంకో కృష్ణుడు నెమలిపింఛం సర్దుకుని స్టేజి పక్కన వింగ్‌లో సిద్ధంగా ఉంటాడు. రంగు చెదరడం, కిరీటం జారడం, నీళ్ళు తాగి రావడం, ఏ గొడవా లేదు. మా పెళ్ళికొడుకుని డాక్టరుగా మార్చాలనుకున్న మాకు ఈ జ్ఞానం లేకపోయింది. ఇద్దరు మనుషులుంటే కోటు వెతుక్కునే పనే ఉండేది కాదు.

1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళు ఆపకుండా తెరలు మార్చడంలో ఎంత ఆరితేరారో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అది వేరే పెద్ద కథ.

ఇక మిమిక్రీ. మన సభల్లో మిమిక్రీకి ఉన్న స్థానం గురించి ఆలోచిస్తే సరిగ్గా వాడవిల్ 'ఒకటి' గుర్తుకొస్తుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు తబలా బిగించుకుంటున్నారు, నాటిక వాళ్ళు మేకప్పులో ఉన్నారు, "ఈలోగా మిమిక్రీ" అంటాడు యాంకర్. ఈ 'ఈలోగా' కళను నేరెళ్ళ వేణుమాధవ్ అసలు కార్యక్రమంగా మార్చారు. 1932లో వరంగల్లులో పుట్టిన ఆయన నాయకుల గొంతులతో ఆగలేదు. హాలీవుడ్ సినిమా దృశ్యాలను నేపథ్య సంగీతంతో సహా ఒక్క నోటితో వినిపించేవారు. ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. తర్వాత తెలుగు సినిమాకు వచ్చిన హాస్యనటుల్లో మిమిక్రీ మైకు దగ్గర మొదలైనవాళ్ళు తక్కువేం కాదు. కోదాడ నుంచి వచ్చిన వేణుమాధవ్ కూడా అలా వచ్చినవాడే. ఒక్క మనిషి, ఒక్క మైకు, సామాను సున్నా. ఖాళీలో పుట్టిన కళలన్నిటి కట్టూ ఇదే.

టీవీ మనకు నేర్పని పాఠం

2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక కాలేజీ డేల్లో, గణేశ్ మండపాల్లో, అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాల్లో అందరూ టీమ్‌లు కట్టి స్కిట్లు వేయడం మొదలుపెట్టారు. మంచిదే. అంతకుముందు అందరూ సినిమా పాటలకు డాన్సులే వేసేవాళ్ళు. చిక్కేమిటంటే, టీవీలో ఒక స్కిట్ అవగానే ఇంకో స్కిట్ వచ్చేస్తుంది. మధ్యలో సెట్ మార్చుకోవడానికి పట్టిన సమయం మనకు కనబడదు, ఎడిటింగ్‌లో పోతుంది. పంచ్ పడగానే ఒక శబ్దం వేస్తారు, జడ్జీల నవ్వు ముఖం దగ్గరగా చూపిస్తారు. తగ్గిన చోట కోసేస్తారు. అది చూసి పెరిగినవాళ్ళకు హాస్యం అంటే స్కిట్, కార్యక్రమం అంటే వరసగా ఎనిమిది స్కిట్లు అనే లెక్క కుదిరింది. ఎనిమిదికి ఎనిమిదీ సోఫా, బల్ల, తలుపు కావలసినవే. అంటే ఏడు పెద్ద ఖాళీలు. టీవీ వాళ్ళకు లేని బాధను మన నెత్తిన వేసుకుంటున్నాం.

నిజంగా లైవ్‌లో వెళ్ళే టీవీ హాస్యం ఎలా నడుస్తుందో చూడాలంటే న్యూయార్క్‌లో ఎన్‌బీసీ ఛానెల్ వాళ్ళ సాటర్డే నైట్ లైవ్ చూడాలి. 1975 అక్టోబర్ 11న మొదలైంది, ఇంకా నడుస్తోంది. శనివారం రాత్రి 11:30కి ప్రసారం. వారం వారం వాళ్ళ పని తీరు ఇలా ఉంటుంది. సోమవారం ఊహలు చెప్పుకుంటారు, మంగళవారం తెల్లవార్లూ రాస్తారు, బుధవారం బల్ల చుట్టూ కూర్చుని సుమారు 40 స్కిట్లు చదువుతారు. అందులో కొన్నిటికే సెట్లు కట్టడం మొదలవుతుంది. శనివారం రాత్రి 8 గంటలకు నిజమైన జనాన్ని కూర్చోబెట్టి మొత్తం ఆడి చూస్తారు. ప్రసారానికి ఉన్న సమయం గంటన్నర, ఆడి చూసేది అంతకంటే ఎక్కువ. దాని తర్వాత నిర్మాత లోర్న్ మైకేల్స్ గదిలో గోడకు గుచ్చిన కార్డులు తీసి, మార్చి, వరుస పేరుస్తారు. వారమంతా కష్టపడ్డ స్కిట్ ఎగిరిపోవచ్చు. డైలాగులు చివరి నిమిషం దాకా మారుతుంటాయి కాబట్టి నటులు బట్టీ పట్టరు, కెమెరా పక్కన పట్టుకున్న పెద్ద అట్టల మీద చూసి చెబుతారు.

ఆ కార్డుల వరుస నవ్వు ఎక్కువ తక్కువలను బట్టే కుదరదు. స్టూడియోలో ఏ మూల ఏ సెట్ ఉంది, కెమెరా అక్కడికి చేరగలదా, ఈ స్కిట్‌లో ముసలమ్మ వేషం వేసినామె తర్వాతి దాంట్లో ఉందా, విగ్గు మార్చే టైముందా? ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఒక మూల స్కిట్ నడుస్తుండగా ఇంకో మూల గోడలు తోసుకొస్తుంటారు. ప్రకటనలు, పాట, ముందే తీసి పెట్టుకున్న వీడియో, బల్ల వెనక కూర్చుని చదివే వార్తల పేరడీ, ఇవి చూసేవాళ్ళకు వైవిధ్యం. తెర వెనక వాళ్ళకు ఊపిరి. విచిత్రమైన, అందరికీ నచ్చదనుకున్న స్కిట్‌ను ఆఖర్లో, ఒంటిగంటకు పది నిమిషాల ముందు వేస్తారు. టైము మించితే ముందు పోయేది అదే.

దీనికీ మన కాలనీ కార్యక్రమానికీ పోలికేమిటని అడగొచ్చు. డబ్బులో లేదు, మనుషుల్లో లేదు. రిహార్సల్‌లో ఉంది. మనం డైలాగులు రిహార్సల్ చేస్తాం. మంచం తెచ్చే రిహార్సల్ చేయం. ఎవరు ఏ కాలు పట్టుకుంటారు, ఏ వింగ్‌లోంచి వస్తారు, కోటు ఏ కొక్కేనికి తగిలించి ఉంటుంది, ఇది రెండుసార్లు గడియారం పెట్టుకుని చేస్తే నాలుగు నిమిషాల పని నలభై సెకన్లకు వస్తుంది. చేయించి చూశాను కాబట్టి చెబుతున్నాను.

శాలువాలు, సోఫాలు

మన సభల్లో అన్నిటికంటే పొడుగైన ఖాళీ ఇంకొకటుంది. దాని పేరు సన్మానం. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు. వచ్చిన క్షణంలో స్టేజి మీద ఏం జరుగుతున్నా ఆగిపోతుంది. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువా, జ్ఞాపిక, మళ్ళీ ఇంకో శాలువా, ఫోటో కోసం ఆ శాలువానే మళ్ళీ కప్పడం, 'రెండు మాటలు' అని మొదలైన ఇరవై నిమిషాలు. సన్మానం వద్దని ఎవరూ అనలేరు, ఆ కార్యక్రమానికి డబ్బులిచ్చింది వాళ్ళే. అనుభవమున్న నిర్వాహకులు దాన్ని విరామం పక్కన పెడతారు. ఎలాగూ పెనం చల్లారే చోటు కదా, అక్కడే శాలువాలూ కప్పేస్తే ఒక్క చల్లారుడుతో పోతుంది. హాస్యం మధ్యలో పెడితే రెండుసార్లు పెనం కాల్చుకోవాలి.

ఇందులో గడియారం బెడద కూడా ఉంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు గానీ, అది ఏడాదికి 15 రోజులు మించకుండా. అతిథి ముప్పావు గంట ఆలస్యమైతే ఆ ముప్పావు గంట ఎవరి ఖాతాలోంచి పోతుంది? ఊరించి ఊరించి చివర్లో అట్టే పెట్టిన పెద్ద ఆర్టిస్టు ఖాతాలోంచి.

ముందు వరసలో సోఫాలు మరో సంగతి. స్టేజికి దగ్గరగా నలుగురు పెద్దమనుషులు దూరం దూరంగా కూర్చుంటారు. తమను అందరూ చూస్తున్నారని తెలుసు కాబట్టి నవ్వరు. వాళ్ళ వెనక పదడుగుల ఖాళీ, ఆ తర్వాత కుర్చీలు. ఇందాక చెప్పిన పక్క కుర్చీ మనిషి ఇక్కడ లేడు. ఆర్టిస్టుకు లైట్ల వెలుగులో కనబడేది ఆ నలుగురే. పెద్ద పెద్దవాళ్ళు కూడా అక్కడ తడబడటం చూశాను. సోఫాలను పక్కకు, కొంచెం వాలుగా వేసి, నడిమధ్యలో కాలేజీ పిల్లలను కూర్చోబెడితే కార్యక్రమం సగం గట్టెక్కినట్టే.

వినబడని నవ్వు

ఆరుబయట ఇంకో ఖాళీ ఉంటుంది, కంటికి కనబడనిది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజికి 70 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి పంచ్ చేరడానికి సెకనులో ఐదో వంతు, అతని నవ్వు స్టేజి దాకా రావడానికి ఇంకో ఐదో వంతు. పైకప్పు లేదు కాబట్టి ఆ నవ్వులో చాలా భాగం ఆకాశంలోకే పోతుంది. హాల్లో ఆడి అలవాటైన ఆర్టిస్టు పంచ్ వేసి, నవ్వు రాలేదనుకుని, కంగారుగా తర్వాతి మాట ఎత్తుకుంటాడు. సరిగ్గా అప్పుడు నవ్వు వస్తుంది. ఆ మాట నవ్వులో కొట్టుకుపోతుంది. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక జనం నవ్వడం మానేస్తారు, నవ్వితే మాట వినబడదని. రవీంద్రభారతిలో కుదిరిన ఐటమ్ గ్రౌండ్‌లో కుదరకపోవడానికి ఇదొక కారణం. గ్రౌండ్‌లో ఆడేవాళ్ళు కావాలనే నెమ్మదిగా, పంచ్ తర్వాత రెండో చూపు చూసి మరీ మాట్లాడాలి.

మైకుల గురించి ఒక్క మాట. అయిదుగురి స్కిట్‌కు రెండు హ్యాండ్ మైకులిస్తే, డైలాగు కంటే మైకు చేతులు మారడమే ఎక్కువ కనిపిస్తుంది. కాలర్ మైకులుంటే సరేసరి. లేకపోతే స్టేజి ముందు మూడు స్టాండు మైకులు పెట్టి నటులను వాటి దగ్గరకే కదిలేలా రాసుకోవడం మేలు. మిమిక్రీ వాళ్ళకు మాత్రం హ్యాండ్ మైకే కావాలి. నోటికి దగ్గరగా పెడితే లోతైన స్వరాలు పెరుగుతాయి. రైలు, ఉరుము, గుర్రం డెక్కలు అక్కడే పలుకుతాయి.

అమెరికాలో తెలుగు సంఘాల కార్యక్రమాలకు వెళ్ళే హాస్య బృందాలకు ఈ లెక్కలు ఇంకా బిగుసుకుంటాయి. 1977లో న్యూయార్క్‌లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) తొలి మహాసభ జరిగింది. ఆ తర్వాత ఇక్కడి కళాకారులు వెళ్తూనే ఉన్నారు. మంచం, తలుపు విమానంలో పట్టుకుపోలేరు. అద్దె హాలును చెప్పిన టైముకు ఖాళీ చేయాలి, పక్క హాల్లో భోజనాలు పెట్టేసి ఉంటారు. అందుకే అక్కడ ఎక్కువగా నిలిచేది ఒకరిద్దరు మనుషులతో, ఒక టోపీ, ఒక కండువా మార్చుకుని ఆడే ఐటమ్‌లే. మళ్ళీ అదే ఆరడుగులు.

యాంకర్ గురించి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. మన దగ్గర యాంకర్‌ను చీరను బట్టో, సూటును బట్టో, లేకపోతే కమిటీలో ఎవరి బంధువో చూసో పెడతాం. చేతిలో ఒక కాగితం పెట్టి, ఐటమ్ పేరు, చేసేవాళ్ళ పేర్లు చదవమంటాం. ఖాళీ మొత్తం ఆ మనిషి నెత్తిన పడుతుందని ముందుగా చెప్పం. మా అమ్మాయి ఆ రోజు ఏడవడానికి దగ్గరపడిందంటే అందులో ఆమె తప్పేం లేదు. తెర వెనక పని అయిందో లేదో చెప్పే సైగ కూడా ఎవరూ పెట్టుకోలేదు. కామెడీ క్లబ్బుల్లో ఆర్టిస్టుకు టైము దగ్గరపడిందని చిన్న లైటు వెలిగిస్తారు. మేం తర్వాతి ఏడాది వింగ్‌లో ఒక టార్చిలైటు పెట్టాం. వెలిగితే 'అంతా సిద్ధం, ఇక ఆపు' అని అర్థం.

ఆ ఏడాది ఉగాదికి అదే ఆస్పత్రి స్కిట్ మళ్ళీ వేశాం. కమిటీలో ఇద్దరు వద్దన్నారు. డాక్టరుగా వేరే మనిషిని పెట్టాం, కోటు ముందే తొడిగించాం, మంచం మోసే నలుగురి చేత మూడుసార్లు ప్రాక్టీసు చేయించాం. తెర ముందుకు ఇంటర్ చదివే ఒక కుర్రాణ్ణి పంపాం. మా వీధిలోనే ఉంటాడు, గొంతులు చేస్తాడు. రెండు నిమిషాలు చాలన్నాం. అతను హీరోల గొంతులు మొదలుపెట్టగానే వెనక మంచం నేల మీద కిర్రుమని ఈడ్చుకుపోయింది. మైకులో అందరికీ వినబడింది. కుర్రాడు ఆగి, వెనక్కి తిరిగి చూసి, మైకు నోటికి ఆనించి ఆ కిర్రు చప్పుడునే మళ్ళీ చేశాడు, ఇంకొంచెం పెద్దగా. హాలంతా ఘొల్లుమంది. లోపల మంచం మోస్తున్నవాళ్ళు కంగారుపడి మళ్ళీ ఈడ్చారు. అతను మళ్ళీ చేశాడు. ఈసారి మధ్యలో ఒక ముసలాయన మూలుగు కూడా కలిపాడు.

మంచం నిమిషంన్నరలో సిద్ధమైంది. వింగ్‌లో టార్చి వెలిగింది. కుర్రాడు దాన్ని చూశాడు, చూడనట్టు జనం వైపు తిరిగాడు. ఇంకో నాలుగు నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు.